సింహాన్ని వినడానికి వెళ్లిన కార్తీకం

పగలూ కాని, రాత్రీ కాని వేళను తన రాకకు ఎంచుకున్న స్వామికి మొదట నమస్కారం. ఇంటి లోపలా కాక, బయటా కాక, గడప మీద కూర్చున్న ఆ లక్ష్మీనరసింహునికి నమస్కారం. ఎప్పుడు రావాలో, ఎక్కడ నిలవాలో, ఎవరి కోసం గొంతు విప్పాలో ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. మనం పంచాంగాలు తిప్పుతాం, ఫోన్లలో వెతుకుతాం, నలుగురినీ అడుగుతాం. చివరికి ఆయన పెట్టిన వేళకే చేరుకుంటాం. ఈ మాటలు రాసే ఓపికను, రాసుకోవడానికి ఒక మంచి జ్ఞాపకాన్ని ఇచ్చినందుకు ఆయనకు కోటి దండాలు పెట్టి మొదలుపెడుతున్నాను.

మాది సూరత్. పర్వత్ పాటియా దగ్గర కింద కార్ఖానా, మీద ఇల్లు. కార్ఖానాలో ఉన్నవి మరమగ్గాలు. వాటిని మావాళ్లు సాంచెలు అంటారు. మా మామ పడుచుతనంలో కరీంనగర్ వైపు నుంచి ఈ ఊరొచ్చి, చాలాకాలం ఇతరుల సాంచెల మీద నేసి, ఆ తర్వాత సొంతానికి కొన్ని పెట్టుకున్నారు. ఇప్పుడు వాటిని మా ఆయన నడుపుతున్నారు. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో, నేల అడుగు నుంచి ఎవరో ఆగకుండా తలుపు బాదుతున్నట్టు ఉండేది. కొన్నాళ్లకు ఆ చప్పుడు ఉన్నట్టే తెలియకుండా పోయింది. దాని మీదుగా మాట్లాడాలి కాబట్టి మా ఇంట్లో అందరి గొంతులూ పెద్దవే. చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు మేం పోట్లాడుకుంటున్నామని భయపడుతుంటారు.

మా నాన్న పురాణం చెప్పేవారు. ఆయన పక్కన కూర్చుని పద్యం నేను చదివితే, అర్థం ఆయన విప్పేవారు. ఆ చదువే నన్ను ఇక్కడ మా తెలుగు కుటుంబాల భజన మండలిలో నిలబెట్టింది. శనివారం శనివారం కూడుతాం. ఏడాది పొడుగునా చదవడం, వివరించడం నా పని. నృసింహ జయంతి నాడు మాత్రం కథ మా మామది. అది ఆయన తన గురువు దగ్గర నేర్చుకున్నారు. స్తంభం పగిలే ఘట్టం వచ్చేసరికి ఆయన లేచి నిలబడి, తల వెనక్కి వేసి, హాలు అదిరేలా గర్జించేవారు. పిల్లలు తల్లుల కొంగుల్లోకి దూరేవారు. ఆడవాళ్లం చేతులు జోడించేవాళ్లం.

మొదటి లాక్‌డౌన్‌లో సాంచెలు ఆగిపోయాయి. పనివాళ్లు దొరికిన బండి ఎక్కి, దొరకనివాళ్లు నడిచి, తమ తమ ఊళ్లకు వెళ్లారు. వీధి వీధంతా అలాగే నిశ్శబ్దమైపోయింది. నాకు ఆ నిశ్శబ్దంలో నిద్ర పట్టేది కాదు. మామకు మాత్రం చిత్రమైన సంగతి జరిగింది. ఆయన చెవులు సాంచెల హోరులో అరిగిపోయి అప్పటికి చాలా ఏళ్లు. దగ్గరగా వచ్చి గట్టిగా మాట్లాడితే, పెదాలు చూస్తూ అందుకునేవారు. అలాంటి మనిషి, వీధి నిశ్శబ్దమైన కొన్ని వారాలకు, ఒక పొద్దున బాల్కనీలో నిలబడి నన్ను పిలిచారు.

“కోడలా, జర ఇటు రా. గీ పావురాలు ఏమో గుర్రు గుర్రుమంటున్నయ్. ఎన్నడన్న గిట్ల అన్నయా ఇవి?”

“ఎప్పటి సంది అంటనే ఉన్నయ్ మామా.”

“ఔనా!” అని ఆయన ఆ పూటంతా అక్కడే కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

ఆ ఏడాది జయంతికి హాలు మూసి ఉంది. మా అమ్మాయి ఫోన్‌ను గ్లాసుకు ఆనించి నిలబెట్టి, మండలివాళ్లందరినీ అందులోకి పిలిచింది. మామ మా ముందుగదిలో పట్టుబట్ట కట్టుకుని కూర్చుని కథ చెప్పారు. స్తంభం ఘట్టం వచ్చింది. లేచి గర్జించారు. కింద సాంచెల హోరు లేదు, ఎదుట జనం లేరు. తన గొంతు తనకే వినిపించినట్టుంది. సగంలో ఆగిపోయి అత్తమ్మ వైపు తిరిగారు. ఫోన్లో అందరూ చూస్తూనే ఉన్నారు.

“ఏమే, నేను ఒర్రింది సింహం ఒర్రినట్టున్నదా?”

“గట్లనే ఉన్నది. పెండ్లయినప్పటి సంది ఇంటున్న. ఇయ్యాలేమైంది నీకు?”

“నువ్వెన్నడన్న సింహాన్ని ఇన్నవా?”

“నిన్ను చేసుకున్నంక మల్ల సింహమెందుకు నాకు?”

ఫోన్లో అటువైపు అందరూ నవ్వారు. మామకు ఆ నవ్వులు అందలేదు. కథ ముగించి, హారతి అయ్యాక, ప్రసాదం చేతిలో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయారు. “స్వామి గొంతు ఎట్లుంటదో తెల్వకుంటనే ఇన్నేండ్లు జనానికి ఇనిపించిన,” అన్నారు. అన్నమాట చిన్నదే. కానీ దేవుని కథ చెప్పేవాళ్ల ఇంట్లో పుట్టిన నాకు ఆ మాట బరువు తెలుసు.

లాక్‌డౌన్ కాస్త సడలాక చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. సన్నని చప్పుళ్లు వినే శక్తి ఎప్పుడో పోయిందని, బరువైన చప్పుళ్లు కొంచెం మిగిలాయని, సాంచెల మీద కాపురం ఉన్నంతకాలం అవీ తగ్గుతూనే ఉంటాయని ఆయన చెప్పారు. ఎన్నాళ్లుంటాయని అడిగితే చెప్పలేనన్నారు. చెవిలో పెట్టుకునే మిషన్ ఇచ్చారు. ఆ మిషన్‌తో మామ ఒకపూట తిరిగి, “చెవులల్ల బజార్ పెట్టిండు డాక్టర్,” అని తీసి పెట్టెలో వేశారు. ఆ సాయంత్రమే మా అందరినీ కూర్చోబెట్టి తన కోరిక చెప్పారు. చెవులు పూర్తిగా మూతబడేలోపు ఒక్కసారి అడవిలో సింహం గొంతు వినాలి. గిర్ అడవి మన గుజరాత్‌లోనే ఉంది. ఎప్పుడు పోదామో మీరే చూడండి.

అదిగో, అక్కడ మొదలైంది మా ఇంట్లో చర్చ. అది ఏడాదిన్నర సాగింది.

మా ఆయనకు బట్ట కొనే సేఠ్ గిర్‌కు చాలాసార్లు వెళ్లి వచ్చినవాడు. ఆయన ఉనాళోలో, అంటే ఎండాకాలంలో వెళ్లమన్నాడట. ఆకులు రాలి అడవి పలచబడుతుంది, నీళ్ల కోసం సింహాలు గుంటల దగ్గరికి వస్తాయి, దారి పక్కనే కనిపిస్తాయి. మా అమ్మాయి కాలేజీ పిల్ల, ఫోన్లో చదివి చెప్పింది. “చోమాసాల, గీ వానలల్ల అయితే బంద్ పప్పా. జూన్ నడిమి నుంచి అక్టోబర్ నడిమి దాకా గేటే తెర్వరు. వింటర్ బెస్ట్ అంటున్నరు, ఠండీ ఉంటది, తాతకు కూడా ఆరామ్.” అత్తమ్మది ఒకటే మాట, కార్తీకం. మండలితో ఏటా పల్సానా దారిలో ఎవరి తోటలోనో ఉసిరి చెట్టు కింద వనభోజనం చేసేవాళ్లం. ఆ ఏడు అది జరిగేలా లేదు. “వనభోజనమంటే వనంల తినాలె. గీ తోటలల్ల తినుడు కాదు. అడవికే పోతున్నం గద, అక్కడనే వండుకుందాం,” అనేది ఆమె వాదన.

“కార్తీకంల గడ్డి నిలువెత్తు ఉంటదట అమ్మా,” అన్నారు మా ఆయన. “వాన వెల్సి రెండు నెలలు గూడ కాదు. సింహం పక్కనే పండుకున్నా కనవడది. గర్మీల పోతే పక్కా కనిపిస్తది.”

ఈ మాటలన్నీ మామకు అందేలా మా అమ్మాయి ఆయన ఎదుట కూర్చుని పెదాలు బాగా కదుపుతూ చెప్పింది. ఆయన తల అడ్డంగా ఊపారు.

“కనవడుడు నాకెందుకురా? చూడాలంటే ఊర్లనే జూ ఉన్నది.”

“జూల సింహం కూడా ఒర్రుతది కదా తాతా?”

“నీ చిన్నప్పుడు పోయినం గద బేటా. పండుకున్నది, లేవనే లేదు. బోనుల ఉన్నోడు ఎవరి కోసం ఒర్రుతడు?” అని, ఆ తర్వాత అసలు సంగతి చెప్పారు. “నా చెవులు సాఫ్ అయ్యేది సాంచెలు ఆగినప్పుడే. పావురాలు ఇనవడ్డది గందుకే. సాంచెలు ఎప్పుడు ఆగుతయో చెప్పు, గదే మంచి కాలం.”

సూరత్‌లో ఏటా సాంచెలన్నీ కలిసి ఆగేది దీపావళికే. పనివాళ్లు ఊళ్లకు పోతారు. వీధులు ఖాళీ అవుతాయి. దీపావళి వెళ్లిన ఐదో రోజు, లాభ పంచమి నాడు బజారు తెరిచేదాకా, ఒక్కోసారి ఆ తర్వాత కూడా, ఈ ప్రాంతమంతా నిశ్శబ్దంగా ఉంటుంది. అడవికి ఏది మంచి కాలమో లోకమంతా అడవిని చూసి చెబుతుంది. మా మామ తన చెవులను చూసి చెప్పారు.

మా ఆయన ఇంకో దారి చెప్పారు. మా ఆడబిడ్డ ఇదే ఊళ్లో, ఆల్థాన్‌లో ఉంటుంది. ఆమె భర్త హజీరాలో ఇంజినీరు. వాళ్ల చుట్టుపక్కల ఒక్క సాంచె లేదు. ఎండాకాలంలో పదిహేను రోజులు అక్కడ ఉండి చెవులకు విశ్రాంతి ఇచ్చి, అటునుంచి అటే గిర్‌కు పోవచ్చు.

“అల్లుని ఇంట్ల పదిహేను దినాలు పడి ఉంటనా? నలుగురు నవ్వరా?” అన్నారు మామ.

“నలుగురెవరు బాపూ? ఎవరిండ్లల్ల వాళ్లున్నరు. బయటికే వస్తలేరు, ఇంక నవ్వేదెవరు?”

“నేను నవ్వుత,” అంది అత్తమ్మ.

అయినా ఆ మొదటి ఏడు దీపావళికి బయల్దేరడానికి ధైర్యం చాలలేదు. ఊళ్లో జ్వరాలు మళ్లీ పెరిగాయి. అందుకని మా ఆయన మాటే నెగ్గింది. చైత్రంలో వెళ్దామని అడవిలోకి అనుమతి తీసుకున్నాం. మామ కూడా కూతురి ఇంట్లో ఉండటానికి ఎలాగో ఒప్పుకున్నారు. చైత్రం రాగానే రెండో అల వచ్చింది. అడవి గేట్లు మూశారు. ఆ నెల గురించి ఎక్కువ రాయను. మండలిలో తాళం వేసే పెద్దాయన మాకు మళ్లీ కనిపించలేదు. స్వామి దయ వల్ల మా గడప లోపలికి అది రాలేదు. అందుకు కృతజ్ఞత చెప్పుకున్న ప్రతిసారీ, అది దాటిన గడపలు ఎన్నో తలచుకుని ఆ ఇళ్ల కోసం కూడా దండం పెట్టేదాన్ని.

ఆ అల తగ్గగానే ఆర్డర్లు వచ్చిపడ్డాయి. పోయిన కాలాన్నంతా పూడ్చుకోవాలని వీధి మొత్తం పట్టుబట్టినట్టు సాంచెలు ఆడాయి. వాన పడుతున్న ఒక పొద్దున మామ బాల్కనీ కుర్చీలో ముందుకు వంగి, చెయ్యి చెవి వెనక పెట్టుకుని కనిపించారు. చూరు కింద తడిసిన పావురాలు మెడలు ఉబ్బిస్తున్నాయి. ఆయన వాటి మెడల వంక చూస్తున్నారు. నన్ను చూసి చెయ్యి దించేశారు. నేను లోపలికి వెళ్లి మా ఆయనతో, “ఇంక గర్మీ, ఠండీ అని చూడొద్దు. గీ దీపావళికే పోదాం,” అన్నాను.

దీపావళి అంటే మా అమ్మాయి తల పట్టుకుంది. సూరత్ సూరతంతా ఆ వారంలోనే ఊళ్లు తిరుగుతుంది. గిర్‌లో జీపులన్నీ నిండిపోయాయి. రోజుల తరబడి ఫోన్ పట్టుకుని కూర్చుంటే, లాభ పంచమి మర్నాటి పొద్దుటి జీపు ఒకటి దొరికింది. అంటే మేం పంచమి నాడే బయల్దేరాలి. వ్యాపారస్థుల ఇళ్లలో ఆ రోజు ముహూర్తం చూసి పని మొదలుపెడతారు. మేమూ ఏటా ఆ రోజే సాంచెలకు పూజ చేసి, పనివాళ్లు రాకపోయినా కనీసం ఒక్కటి ఆడించేవాళ్లం. చాలా ఏళ్లుగా తప్పలేదు.

ఆ పొద్దున మా ఆయన పసుపు కుంకుమ పెట్టి, దండ వేసి, కొబ్బరికాయ కొట్టారు. అత్తమ్మ హారతి ఇచ్చింది. అందరం మీటవైపు చూశాం. ఆయన మీట మీద చెయ్యి పెట్టి, తండ్రి వైపు ఒకసారి చూసి, చెయ్యి తీసేశారు.

“సాంచె నడపకుంటే ఎట్లరా? ఏడాదంతా గట్లనే ఉంటది,” అంది అత్తమ్మ గాబరాగా.

“బాపు చెవులు సాఫ్‌గున్నయ్ అమ్మా. దినాలు లెక్కపెట్టుకొని ఆగిండు. ఇప్పుడు గీ పెద్ద సప్పుడు చేసి తోలుకపోనా? దండం పెట్టుకున్నం, స్వామి చూసిండు. వచ్చినంక నడుపుదాం.”

అత్తమ్మ హారతి పళ్లెం మామ ముందు పెట్టింది. ఆయన కళ్లకద్దుకున్నారు.

హజీరా నుంచి ఘోఘాకు ఓడలో వెళ్లాం. సముద్రం అడ్డంగా దాటితే రోడ్డు మీద చుట్టు తిరిగే ప్రయాణం చాలా తగ్గుతుంది. ఓడ లోపల ఇంజను హోరు ఉంటుందని, మామను పై అంతస్తులో గాలికి కూర్చోబెట్టాం. చెవుల్లో దూది కుక్కి, మీద మఫ్లర్ చుట్టాం, మూతికి మాస్క్ ఎలాగూ ఉంది. కళ్లు తప్ప ఏమీ కనిపించడం లేదు. పక్కనున్న గుజరాతీ ఆవిడ జాలిపడి, “దాదాకు చలి పెడుతోందా?” అని తన శాలువా ఇవ్వబోయింది. మా అమ్మాయి “నహీ ఆంటీ, చెవులు దాచుకుంటున్నడు,” అంటే ఆవిడకు ఏమీ అర్థం కాలేదు. అవతలి ఒడ్డు నుంచి అద్దె కారు. డ్రైవరు హారన్ మీద నుంచి చెయ్యి తీయడు. మా ఆయన ముందు సీట్లో కూర్చుని దారి పొడుగునా, “భాయ్, హారన్ మత్ బజావో,” అని బతిమాలుతూనే ఉన్నారు. చీకటి పడేలోగా అడవి అంచున ఒక మామిడితోటలోని విడిదికి చేరుకున్నాం.

తెల్లవారకముందే జీపు వచ్చింది. పైన కప్పు లేదు. డ్రైవరు, అతని పక్కన గైడు. అత్తమ్మ గిన్నెలతో, బియ్యంతో, సూరత్ నుంచి తెచ్చిన ఉసిరి కొమ్మతో సిద్ధమై నిలబడింది. గైడు ఆ మూట చూసి నవ్వాపుకున్నాడు. లోపల పొయ్యి వెలిగించడం కాదు, ఒక బిస్కెట్ ముక్క పడేసినా తప్పేనని చెప్పాడు. అత్తమ్మకు నచ్చలేదు. “వనభోజనానికి వనంల జాగ లేదా?” అని మూట విడిదివాళ్లకు అప్పగించి ఎక్కింది.

లోపలికి వెళ్లాక మా ఆయన చెప్పిందే నిజమైంది. దారికి రెండువైపులా పచ్చగా, మనిషెత్తు గడ్డి. మంచు పట్టి వంగి ఉంది. తూర్పు తెల్లబడుతోంది కానీ ఇంకా వెలుగు లేదు. గైడు ఇంజను ఆపించాడు. చల్లదనం, మట్టి వాసన, ఆకుల మీద నుంచి నీటిచుక్కలు. మా జన్మలో మేం అంతటి నిశ్శబ్దంలో కూర్చోలేదు. ఐదు నిమిషాలు కూడా కూర్చోలేకపోయాం.

“బాపుకు చెవుల దూది, మఫ్లర్ తీసినవా?” మా ఆయన అడిగారు. తన లెక్కలో అది గుసగుస. పొదలోంచి నెమలి ఒకటి దడదడా లేచిపోయింది.

“భాయ్, ధీమే!” అన్నాడు గైడు.

“మెల్లగనే మాట్లాడుతున్నం గద!” అంది అత్తమ్మ. ఈసారి ఇంకేదో పరుగెత్తింది.

“బెన్, ధీమే, ధీమే.”

“ఏమంటున్నడు?” మామ గట్టిగా అడిగారు.

“మెల్లగ మాట్లాడాల్నంట!” ముగ్గురం ఒకేసారి చెప్పాం.

గైడు వెనక్కి తిరిగి రెండు చేతులూ జోడించాడు. ఇలా అయితే సింహం సంగతి అలా ఉంచండి, ఉడత కూడా ఉండదన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఏం చేస్తాం? చెవిలో చెప్పుకునే మాట ఎలా ఉంటుందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మా జీవితంలో దానితో పని పడలేదు. మామ గైడు జోడించిన చేతులు చూశారు. మా ముఖాలు చూశారు. ఆయనకు సంగతి అర్థమైంది. అరచెయ్యి బోర్లించి నెమ్మదిగా కిందికి దించారు. కార్ఖానాలో దానికి అర్థం, సాంచె ఆపు.

అప్పుడు గుర్తొచ్చింది మాకు. సాంచెల మధ్య గొంతుతో పని లేదు, చేతులే మాట్లాడతాయి. రెండు వేళ్లు కలిపి లాగి విడదీస్తే పోగు తెగింది. పిడికిలి గుండ్రంగా తిప్పితే నూలు అయిపోవచ్చింది. బొటనవేలు పెదవి దగ్గర పెడితే చాయ్. మా పనివాళ్లకు, మా ఆయనకు, నాకు, చిన్నప్పటి నుంచి కార్ఖానా మెట్ల మీద ఆడుకున్న మా అమ్మాయికి, అందరికీ వచ్చిన భాష అది. ఆ తర్వాత జీపులో ఒక్క మాట లేదు. మా ఆయన మఫ్లర్ గురించి చేత్తో అడిగారు, తీసేశానని నేను చేత్తో చెప్పాను. అత్తమ్మ చాయ్ కావాలంది, లేదన్నాను, మూతి తిప్పింది. గైడు మమ్మల్ని చాలాసేపు చూసి, డ్రైవరు చెవిలో ఏదో అన్నాడు. అంత అరిచినవాళ్లు ఉన్నట్టుండి మూగవాళ్లెలా అయ్యారని కాబోలు. డ్రైవరు భుజాలు కదిలేలా నవ్వాడు.

కాసేపటికి అడవి మళ్లీ తన పనిలో పడింది. దుప్పి ఒకటి దూరంగా కీచుమంది. కొండముచ్చు దగ్గింది. ఏవో పిట్టలు. ఒక్కో చప్పుడికీ మేమంతా తల తిప్పుతున్నాం. మామ ఒక క్షణం ఆలస్యంగా, మేం తిప్పినవైపు తిప్పుతున్నారు. అడవిని ఆయన మా మెడల్లో వింటున్నారు. ఇంత దూరం తెచ్చి, ఏదీ అందని చోట కూర్చోబెట్టామా? లోపల్లోపల స్వామి నామం పట్టుకున్నాను. వేరే ఏమీ అడగలేదు. ఆయన గొంతు ఆయనే వినిపించాలి కదా.

ఇంకా సూర్యుడు రాలేదు. మొదట అది చప్పుడని నాకు తెలియలేదు. నేల అడుగున ఏదో బరువైనది జరిపినట్టనిపించింది. తర్వాత మళ్లీ. అప్పుడు గొంతు అని తెలిసింది. నేను అనుకున్నట్టు కోపంగా విరుచుకుపడే అరుపు కాదది. పొడుగ్గా, బరువుగా, మూలిగినట్టు మొదలై, ఒకదాని వెనక ఒకటి దగ్గరై, చివరికి కోత రంపం లాగినట్టు పొట్టిపొట్టిగా తెగుతూ ఆగింది. గడ్డి కదల్లేదు. ఏమీ కనిపించలేదు. గైడు వేలు మాత్రం ఒకవైపు చూపించి అలాగే నిలిచిపోయింది.

నేను ఆ వేలివైపు చూడలేదు. మామవైపు చూశాను. మాలో ఎవరూ తల తిప్పకముందే ఆయన తల తిరిగింది. మొదటిసారి, మా కన్నా ముందు. జీపు కడ్డీని రెండు చేతులా పట్టుకున్నారు. కళ్లు మూసుకున్నారు. రెండోసారి గొంతు వచ్చినప్పుడు మాస్క్ కింద ఆయన నోరు తెరుచుకుంది. పక్కటెముకలు ఎగిసి, ఆ పొట్టి ముక్కల లెక్కన అణిగాయి. మాస్క్ అంచు తడిసింది. అత్తమ్మ ఆయన మోకాలి మీద చెయ్యి వేసి, తీయకుండా కూర్చుంది.

చాలాసేపటికి అడవి మామూలైంది. మా అమ్మాయి ఉండబట్టలేక ముందుకు వంగి ఆయన చెవి దగ్గర, “విన్నవా తాతా?” అంది. ఆయన కదల్లేదు. మళ్లీ అడిగింది. పక్కనే ఉన్న మనవరాలి సన్నని గొంతు ఆయనకు అందలేదు. పిల్ల ముందు కొంచెం బిక్కమొహం వేసి, తర్వాత ఆయన ఎదుటికి జరిగి, చెవి చూపించి, వేలు గాలిలో తిప్పి అడిగింది. ఆయన కళ్లు తెరిచి, అరచెయ్యిని మగ్గంలో నూలు మోసే నాడెలా అటూ ఇటూ ఆడించారు. సాంచె చక్కగా నడుస్తున్నప్పుడు చేసే సైగ అది. మా అమ్మాయి నవ్వుతూ ఏడ్చింది.

తిరిగి వస్తుంటే ఎదురుపడిన జీపులవాళ్లు, “దేఖా?” అని అడిగారు. “నహీ,” అన్నారు మా ఆయన. వాళ్లు అయ్యో అన్నట్టు చూశారు. గైడు కూడా నొచ్చుకున్నాడు. మీరు ఎండాకాలంలో రావాల్సింది, తప్పకుండా చూపించేవాడినన్నాడు. మామకు ఈ ఓదార్పులేవీ వినిపించలేదు. ఆయన ముఖం వెలిగిపోతోంది.

విడిదిలో మామిడిచెట్టు కొమ్మకు అత్తమ్మ ఉసిరి కొమ్మను కట్టింది. దానికి పసుపు కుంకుమ పెట్టి, ఇటుకల పొయ్యి మీద పులిహోర, పప్పు చేసింది. విడిదివాళ్లనూ, గైడునూ పిలిచి వడ్డించాం. తింటూ తింటూ మామ చెయ్యి ఆపారు.

“నేను ఇన్నేండ్లు స్వామిని మస్తు కోపంగ ఒర్రిపించిన.”

“మల్ల?” అంది అత్తమ్మ, ఆయన ముఖానికి ఎదురుగా వంగి.

“గా గొంతుల కోపం లేదే. ‘ఉన్న, ఉన్న, ఇక్కడనే ఉన్న’ అంటున్నడు, గంతే.”

మా అమ్మాయి ఆ మాట గైడుకు గుజరాతీలో చెప్పింది. అతను తల ఊపాడు. నిజమే, నేనున్నానని తోటివాటికి చెప్పడానికే అవి అలా పిలుస్తాయన్నాడు. నాన్న పక్కన కూర్చుని చదివిన రోజుల నుంచి ఆ కథకు ఎన్ని అర్థాలు విన్నానో. ఆ స్తంభంలో ఉన్నాడా అని అడిగినవాడికి స్వామి ఇచ్చిన జవాబు అదే కదా, ఇంకేముంది? నేను ముద్ద ఆకులో పెట్టి మనసులోనే దండం పెట్టుకున్నాను. మా ఆయన మాత్రం పులిహోర రెండోసారి వడ్డించుకుంటూ, “అయినా కనవడితే బాగుండు,” అన్నారు.

ఇది జరిగి కొన్నేళ్లయింది. ఇప్పుడు మామకు బరువైన చప్పుళ్లు కూడా అందడం లేదు. సాంచెలు నడుస్తున్నాయో లేదో నేల మీద పాదం పెట్టి తెలుసుకుంటారు. మేమందరం ఇంట్లో సగం మాటలు చేతులతోనే మాట్లాడుతున్నాం. ఆయన దిగులుగా లేరు. ఎవరైనా చెవుల గురించి జాలి చూపిస్తే, ఇనాల్సింది ఇన్న అని నవ్వేస్తారు.

మా వీధిలో, పక్క వీధిలో, ఈ ఊరి పొడుగునా అలాంటి పెద్దవాళ్లు ఎందరో ఉన్నారు. ఒకరికి మనవడి నవ్వు కావాలి, ఒకరికి గుడిగంట, ఒకరికి చనిపోయిన తమ్ముడు పాడిన పాట ఫోన్లో ఉంది, అది. చదువుతున్న మీరు ఏ పేరుతో దేవుణ్ని పిలుస్తారో నాకు తెలియదు. ఏ పేరైనా సరే, ఒక్క నిమిషం నాతో కలిసి కళ్లు మూసుకోండి. తండ్రీ, చెవులు మూతబడేలోపు వాళ్లు కోరుకున్న ఆ ఒక్క గొంతు వాళ్లకు వినిపించు. వినిపించలేని నాడు, పక్కన ఎవరో ఒకరి చెయ్యి ఉండేలా చూడు.